శని, ఆదివారాల్లో కుటుంబంతో హైదరాబాద్: రోజుకొక దిక్కు

హైదరాబాద్ చూడటానికి వచ్చే కుటుంబాలు నడిచి అలిసిపోవు, ఊరు దాటి దాటి అలిసిపోతాయి. పొద్దున గోల్కొండ, మధ్యాహ్నం జూ, సాయంత్రం రామోజీ ఫిలింసిటీ అని కాగితం మీద రాసుకుంటే ముచ్చటగానే ఉంటుంది. కానీ ఒకటి పడమర, ఒకటి దక్షిణం, ఒకటి ఊరు దాటాక తూర్పున. మూడూ చూడాలనుకున్నవాళ్లు చివరికి చూసేది ట్రాఫిక్‌నే. అందుకని ఇక్కడ ఒకటే సూత్రం పెట్టుకున్నాం: రోజుకొక దిక్కు. శనివారం పాతబస్తీ, ఆదివారం పొద్దున గోల్కొండ, సాయంత్రం హుస్సేన్‌సాగర్. అంతకు మించి పెట్టుకోవద్దు.

లెక్క ఐదుగురికి వేశాం: నాన్నమ్మ, అమ్మానాన్న, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు. శనివారం తెల్లవారుజామున దిగి, ఆదివారం రాత్రి తిరుగు బండి ఎక్కుతారు.

ఏ వారం రావాలి

ఏప్రిల్, మే ఎండల్లో గోల్కొండ మెట్లెక్కడం శిక్షే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ జరుగుతుంది. ఆ రోజుల్లో వస్తే శనివారం సాయంత్రం అక్కడికే కేటాయించండి, పిల్లలకి జెయింట్ వీలు, పెద్దవాళ్లకి దుప్పట్ల బేరం.

ఆషాఢమాసం ఆదివారాలు జాగ్రత్త. బోనాలు మొదలయ్యేది గోల్కొండ కోటలోనే. ఆ తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆపైన పాతబస్తీ లాల్‌దర్వాజ. బోనాలు చూడటానికే వస్తే అంతకన్నా మంచి సమయం లేదు. కోట చూడటానికి వస్తే మాత్రం ఆ జనంలో గోడలు కూడా కనపడవు. గణేశ్ నిమజ్జనం రోజున హుస్సేన్‌సాగర్ చుట్టుపక్కల రోడ్లు మూసేస్తారు, ఆ రోజు ప్రయాణమే పెట్టుకోవద్దు. రంజాన్ నెలలో చార్మినార్ పగలు మామూలుగానే ఉంటుంది, రాత్రి మాత్రం ఇసకేస్తే రాలనంత జనం. హలీం తినాలంటే అదే అదను, మిగతా నెలల్లో చాలా హోటళ్లలో దొరకదు.

పండగ కలిసొచ్చి సెలవు మూడు రోజులైతే ఇంకో చిక్కు. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ శుక్రవారం మూత. జూ పార్కు సోమవారం మూత. శుక్రవారం దిగి నేరుగా మ్యూజియం గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగే కుటుంబాలు ప్రతి వారం ఉంటాయి.

టికెట్ మీద స్టేషన్ పేరు చదవండి

"హైదరాబాద్ వెళ్తున్నాం" అంటే సరిపోదు. రైళ్లు సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ, లింగంపల్లి, చర్లపల్లి, ఇలా అయిదు చోట్ల ఆగుతాయి. నాంపల్లి స్టేషన్‌నే టికెట్ మీద హైదరాబాద్ దక్కన్ అని రాస్తారు. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ మొదలయ్యాక, సికింద్రాబాద్‌లో పునర్నిర్మాణం పనుల వల్ల కొన్ని రైళ్లు అక్కడికి మారాయి. చర్లపల్లికి మెట్రో లేదు. వచ్చేటప్పుడు పెద్ద ఇబ్బంది ఉండదు, దిగాక క్యాబ్ ఎక్కుతారు, డబ్బు కాస్త ఎక్కువ పోతుంది, అంతే. తిరుగు ప్రయాణంలో సికింద్రాబాద్ అనుకుని వెళ్లి, బండి చర్లపల్లిలో ఉందని తెలిస్తేనే గుండె జారిపోతుంది. రెండు టికెట్ల మీదా స్టేషన్ పేరు వేలు పెట్టి చదవండి.

బస్సులో వచ్చేవాళ్లకి ఇంకా సులువు, ఎందుకంటే ఊళ్లోకి రాకముందే మెట్రో దొరుకుతుంది. విజయవాడ, నల్గొండ వైపు నుంచి వస్తే ఎల్బీనగర్‌లో దిగిపోవచ్చు. అది రెడ్ లైన్ చివరి స్టేషన్. వరంగల్ నుంచి వచ్చేవాళ్లు ఉప్పల్‌లో దిగితే బ్లూ లైన్. కరీంనగర్, ఆదిలాబాద్ బస్సులు సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) దాకా వస్తాయి, అక్కడ గ్రీన్ లైన్. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) దాకా కూర్చునే వస్తే అక్కడ రెడ్, గ్రీన్ రెండూ ఉన్నాయి. ఆటోవాళ్లు ఇంకా ఇమ్లీబన్ అనే అంటారు, కంగారు పడకండి, రెండూ ఒకటే.

ఒక్క తిరకాసు. మెట్రో పొద్దున ఆరింటికి మొదలవుతుంది. నైట్ బస్సులు నాలుగున్నరకే దింపేస్తాయి. ఆ గంటన్నర కోసం ఆటోవాడు అడిగిన డబ్బు ఇచ్చేకంటే, దగ్గర్లో టీ కొట్టు చూసుకుని పిల్లల్ని సామాను మీద కూర్చోబెట్టడం మేలు. నాన్నమ్మకి నడుము నొప్పి ఉంటే క్యాబే పిలవండి, అక్కడ పొదుపు చూడొద్దు.

గది: లక్డీకాపూల్ ఎందుకు

అమీర్‌పేట, సికింద్రాబాద్, నాంపల్లి, ఎక్కడైనా గదులు దొరుకుతాయి. ఈ ప్రయాణానికి మాత్రం లక్డీకాపూల్ చుట్టుపక్కలే సరైన చోటు. రెడ్ లైన్ మీద ఉంది కాబట్టి ఎల్బీనగర్ నుంచీ మియాపూర్ నుంచీ బండి మారకుండా రావచ్చు. శనివారం పాతబస్తీకి వెళ్లడానికి ఐదో స్టేషనే ఎంజీబీఎస్. ఆదివారం సాయంత్రం చూసే బిర్లామందిర్, లుంబినీ పార్కు ఆటోలో కొద్ది నిమిషాల దూరం.

గది బుక్ చేసేటప్పుడు ఒక ప్రశ్న తప్పక అడగాలి: "24 గంటల చెకిన్నా, మధ్యాహ్నం 12 చెకౌటా?" మధ్యాహ్నం 12 లెక్క అయితే, శనివారం పొద్దున ఆరింటికి దిగిన మీరు శుక్రవారం రాత్రి అద్దె కూడా కట్టాల్సి రావచ్చు, లేదా మధ్యాహ్నం దాకా లాబీలో కూర్చోవాలి. 24 గంటల లాడ్జి అయితే ఆరింటికి తీసుకుని ఆదివారం ఆరింటికి రెండో రోజు లెక్కలోకి వెళ్తుంది. ఏది చవకో కూడికలు చేసి చూడండి. ఆదివారం గది ఖాళీ చేశాక సాయంత్రం దాకా సామాను రిసెప్షన్‌లో పెట్టనిస్తారా అని కూడా అప్పుడే అడగండి. పెట్టనివ్వకపోతే రైల్వే స్టేషన్ క్లోక్ రూమ్ ఉంది, కానీ అక్కడ తాళం వేసిన పెట్టెలే తీసుకుంటారు. జిప్పుకి చిన్న తాళం కప్ప ఇంటి దగ్గరే వేసుకోండి. ప్లాస్టిక్ సంచులు, బియ్యం సంచులు తీసుకోరు. గది తీసుకోవడానికి పెద్దవాళ్లందరి ఆధార్ కార్డులూ కావాలి, ఒక్కరిది చాలదు.

మెట్రో, బస్సు, ఆటో

2025లో సవరించాక మెట్రో టికెట్ కనిష్ఠం 11 రూపాయలు, గరిష్ఠం 69. మూడడుగుల లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు. కౌంటర్లో ఇచ్చే కాగితం టికెట్ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, ఎక్కేటప్పుడు ఒకసారి, దిగాక ఒకసారి చూపించాలి. గేటు ఒక్కొక్కరికే తెరుచుకుంటుంది. అందుకని నాన్న ముందు వెళ్లి, పిల్లలు మధ్యలో, అమ్మ చివర రావాలి. అందరూ ఒకేసారి తోసుకుంటే గేటు మూసుకుపోయి ఒకరి టికెట్ చెల్లిపోయి మనిషి మాత్రం ఇవతలే ఉండిపోతారు. అలా జరిగితే పక్కనున్న కౌంటర్లో చెప్తే చాలు, పంపిస్తారు. టికెట్లన్నీ ఒకరి జేబులోనే ఉండాలి. పిల్లలకిస్తే దిగేలోపు నలిపేసో నమిలేసో ఉంటారు.

అమీర్‌పేట, ఎంజీబీఎస్, పరేడ్ గ్రౌండ్, ఈ మూడు చోట్లే లైన్ మారేది. మారేటప్పుడు బయటికి వెళ్లే గేటు దాటొద్దు. దాటితే మళ్లీ టికెట్. సికింద్రాబాద్‌లో రైలు దిగినవాళ్లు సికింద్రాబాద్ ఈస్ట్‌లో బ్లూ లైన్ ఎక్కి, అమీర్‌పేటలో రెడ్ లైన్‌కి మారి లక్డీకాపూల్ రావాలి. అమీర్‌పేట జనసంద్రం, పిల్లల చేతులు వదలొద్దు.

సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచితం అని విని ఆంధ్ర నుంచి వచ్చే అమ్మలు ఆశపడతారు. మహాలక్ష్మి పథకం తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డులకే. భీమవరం ఆధార్ చూపిస్తే కండక్టర్ నవ్వి టికెట్ కొడతాడు. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చేవాళ్లు మాత్రం కార్డు చేతిలో పట్టుకునే ఎక్కండి, బ్యాగు అడుగు నుంచి వెతికేలోపు నాలుగు స్టాపులు పోతాయి.

ఇక అసలు సమస్య: ఐదుగురు. యాప్‌లో మామూలు క్యాబ్ పిలిస్తే నలుగురికే. పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటామన్నా కొందరు డ్రైవర్లు ఒప్పుకోరు, క్యాన్సిల్ చేసి వెళ్లిపోతారు. రెండు దారులున్నాయి. దూరమైతే ఆరు సీట్ల బండి పిలవండి. దగ్గరైతే రెండు ఆటోలు. రెండు ఆటోలైతే నియమం ఏమిటంటే, ప్రతి ఆటోలో ఒక ఫోను, ఒక పర్సు, దారి అడగగల ఒక పెద్ద మనిషి ఉండాలి. అమ్మ ఫోను నాన్న జేబులో, అమ్మ వేరే ఆటోలో, ఇదే చాలాసార్లు కొంప ముంచేది.

యాప్ ఆటోల్లో డబ్బు ఎక్కువగా డ్రైవర్ చేతికే ఇవ్వాల్సి వస్తుంది. స్క్రీన్ మీద చూపించిన రేటుకీ ఆయన అడిగే రేటుకీ తేడా ఉంటే ఓటీపీ చెప్పకముందే తేల్చుకోండి, చెప్పాక బేరం మీ చేతిలో ఉండదు. బయట ఆటో మాట్లాడేటప్పుడు "మనిషికా, బండికా?" అని అడగాలి. యాభై అంటే బండికనుకుని ఎక్కి, దిగాక రెండొందల యాభై అనిపించుకోవడం ఇలాగే. పది, ఇరవై నోట్లు ఓ ముప్పై దాకా ఇంటి నుంచే తెచ్చుకోండి.

శనివారం: పాతబస్తీ

దిగి, స్నానాలు చేసి, టిఫిన్ తిని, తొమ్మిదిన్నరకి మెట్రో ఎక్కండి. ఎంజీబీఎస్‌లో దిగి ఆటోలో మూసీ దాటితే సాలార్‌జంగ్ మ్యూజియం. పదింటికి తెరుస్తారు. పెద్ద బ్యాగులు కౌంటర్లో ఇచ్చేయాలి కాబట్టి గదిలోనే వదిలి రండి.

మ్యూజియంలో అడుగు పెట్టగానే గడియారం గది ఎక్కడో అడగండి. గంట గంటకీ దాని తలుపు తీసుకుని చిన్న బొమ్మ బయటికొచ్చి, గంట కొట్టి లోపలికి పోతుంది. జనం ముందు నుంచే కుర్చీల్లో చేరతారు. పదకొండుది చూడాలంటే పది నలభై ఐదుకి అక్కడ ఉండాలి. పన్నెండు గంటలది అన్నిటికంటే ముచ్చట, ఎందుకంటే పన్నెండు దెబ్బలు. కానీ జనం కూడా అప్పుడే. పిల్లలు పొట్టిగా ఉంటే పదకొండే మేలు, ముందు వరసలో చోటు దొరుకుతుంది. గడియారం తర్వాత మేలిముసుగు రెబెక్కా: 1876లో ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ. ముసుగు రాయేనని పిల్లలకి ముందు చెప్పొద్దు, దగ్గరికెళ్లి వాళ్లే కనుక్కోనివ్వండి. ఒకవైపు మగమనిషి, వెనక అద్దంలో ఆడమనిషి కనిపించే చెక్క బొమ్మ మూడోది. ఈ మూడూ, కత్తుల గది, ఏనుగుదంతం గది చూస్తే రెండున్నర గంటలు. మొత్తం చూడాలని పట్టుబడితే సాయంత్రం దాకా అక్కడే, కాళ్లు కూడా అక్కడే పోతాయి. నాన్నమ్మ నడవలేకపోతే చక్రాల కుర్చీ ఉందేమో గేటు దగ్గరే అడగండి, లోపలికి వెళ్లాక అడిగితే మళ్లీ వెనక్కి రావాలి.

పన్నెండున్నరకి బయటపడి మదీనా సెంటర్ వైపు భోజనం. బిర్యానీ లెక్క చాలామందికి తెలియక ఎక్కువ చెప్తారు. ఇక్కడి పేరున్న హోటళ్లలో ఒక సింగిల్ అంటే ఒక పెద్దమనిషికి మిగిలేంత. ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలకి రెండు సింగిళ్లు చెప్పి, చాలకపోతే మూడోది చెప్పండి. తెచ్చి పెట్టేవాడితో అడుగు నుంచి తీయమని ఒక మాట చెప్తే మసాలా పట్టిన అన్నం వస్తుంది. పైపైన తీస్తే తెల్లన్నమే. మిర్చీ కా సాలన్, పెరుగు చట్నీ దాంతోపాటే వస్తాయి, విడిగా కూరలు చెప్పొద్దు. ఒంటిగంట దాటితే కుర్చీ వెనక నిలబడి ఎవరు లేస్తారా అని చూడాల్సిందే. నాన్నమ్మ మాంసం తినకపోతే ఈ వీధుల్లో వెతుకుతూ తిరగకుండా, పొద్దున టిఫిన్ సెంటర్లోనే పులిహోరో పెరుగన్నమో కట్టించుకుని రావడం తెలివి. ఎండాకాలమైతే పులిహోర. పెరుగన్నం మధ్యాహ్నానికి పులుస్తుంది.

తర్వాత చార్మినార్‌కి పరిగెత్తొద్దు. ముందు చౌమహల్లా ప్యాలెస్, ఎందుకంటే అది ఐదింటికి మూస్తారు, పైగా మిట్టమధ్యాహ్నం నీడ ఉండేది అక్కడే. ఆసఫ్‌జాహీల (నిజాం నవాబుల) దర్బారు ఖిల్వత్ ముబారక్‌లో 19 బెల్జియం షాండిలియర్లు వేలాడుతుంటాయి. వెనక ఆవరణలో పాత కార్లు, 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్. గంటన్నర సరిపోతుంది. పిల్లలు కాసేపు నీళ్ల కొలను పక్కన కూర్చుంటే సాయంత్రానికి ఓపిక మిగులుతుంది.

నాలుగింటికి చార్మినార్. చుట్టూ వాహనాలు రానివ్వరు. యాప్‌లో చార్మినార్ అని కొడితే ఆటో కొంచెం అవతలే ఆగుతుంది, అక్కడి నుంచి నడకే. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన కట్టడం. ఎక్కడానికి టికెట్ 25 రూపాయలు, ఫోన్‌లో క్యూఆర్ ద్వారా తీసుకుంటే 20. పదిహేనేళ్ల లోపు పిల్లలకి లేదు. కౌంటర్ వరస కంటే ఫోన్‌దే త్వరగా అవుతుంది, సిగ్నల్ అందితే. మొదటి అంతస్తు దాకానే పోనిస్తారు. మెట్లు ఎత్తు, ఇరుకు, గుండ్రంగా తిరుగుతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, చంకలో పసిబిడ్డ ఉన్నవాళ్లు కింద ఆగిపోవాలి. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకోవాలి, అందుకే బ్యాగు భుజానికి అడ్డంగా వేసుకోండి. ఐదింటిలోపు పైకి వెళ్లకపోతే ఆ రోజుకి లేనట్టే.

తప్పిపోతే ఎక్కడ కలవాలో ఎక్కకముందే చెప్పుకోండి. "చార్మినార్ కింద" అనొద్దు. దానికి నాలుగు వైపులున్నాయి, నలుగురూ నాలుగు వైపులా నిలబడి ఒకరికొకరు కనపడరు. ఉత్తరాన కొంచెం దూరంలో రోడ్డు మధ్యలో గుల్జార్‌హౌజ్ అనే ఫౌంటెన్ ఉంది, అది ఒకటే. చిన్నపిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి.

చార్మినార్ పక్కనున్న గాజుల బజారు లాడ్‌బజార్‌కి వెళ్లేముందు గాజుల సైజు తెలుసుకోవాలి. రెండు నాలుగు అంటే రెండంగుళాల మీద పదహారో వంతులు నాలుగు, అంటే రెండుంబావు అంగుళాలు లోపలి వెడల్పు. రెండు ఆరు, రెండు ఎనిమిది అలాగే. ఊళ్లో చుట్టాలకి తీసుకెళ్లాలంటే వాళ్లు వేసుకునే గాజు ఒకటి అడిగి తెచ్చుకోండి. ఫోన్‌లో "మామూలు సైజే అక్కా" అని చెప్తే ఇంటికెళ్లాక ఆ గాజులు గోడకి మేకుకి వేలాడతాయి. లక్కగాజులు కూడా మట్టిగాజుల్లాగే సాగవు, వంగవు, ఎండలో కారులో పెడితే మెత్తబడతాయి. రాళ్లు గట్టిగా అంటుకున్నాయో లేదో గోరుతో తట్టి చూసుకోండి. బేరం మొదట చెప్పిన ధరలో సగం దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి. "నక్కో" (వద్దు) అనే ఒక్క దక్కనీ మాట చాలు, కొట్టువాడే నవ్వి తగ్గిస్తాడు. సంధ్యవేళ తర్వాత ధర కాస్త దిగుతుంది, కానీ జనం పెరుగుతారు.

ముత్యాలు హైదరాబాద్‌లో పండవు. ఇక్కడ రంధ్రాలు వేసి, జతలు కట్టి అమ్ముతారు. ఈ రోజుల్లో దొరికేవి ఎక్కువగా చైనా మంచినీటి ముత్యాలు. రెండు ముత్యాలు ఒకదానికొకటి రుద్దితే అసలువి ఇసక తగిలినట్టు గరగరమంటాయి, ప్లాస్టిక్‌వి జారిపోతాయి. బిల్లు ఇవ్వని కొట్లో, నడిచే దారిలో పళ్లెంలో పెట్టి అమ్మేవాళ్ల దగ్గర పెద్ద మొత్తం పెట్టొద్దు.

చార్మినార్ పక్కనే నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. నిలబడే తాగాలి. ఏడింటికి దీపాలు వెలిగాక ఫోటో తీసుకుని కదలండి. తొమ్మిది దాకా ఉంటే ఆటో దొరకడం కష్టం, పిల్లలు భుజాల మీద నిద్ర.

ఆదివారం: గోల్కొండ, ఆ తర్వాత చెరువు గట్టు

గోల్కొండకి మెట్రో లేదు. లక్డీకాపూల్ నుంచి మెహదీపట్నం మీదుగా క్యాబ్‌లో వెళ్లండి. ఆదివారం పొద్దున రోడ్లు ఖాళీ, ఎనిమిదిన్నరకి బయల్దేరితే తొమ్మిదికల్లా గేటు దగ్గర ఉంటారు. తొందరెందుకంటే రెండు కారణాలు. ఒకటి ఎండ. రెండోది చప్పట్లు.

కోట లోపలి బాలాహిస్సార్ గుమ్మం దాటగానే గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే, కొండ మీద బారాదరి మంటపం దగ్గర వినిపిస్తుంది. శత్రువు వస్తే కబురందేది అలాగే. ఇది పిల్లలకి నిజంగా అనుభవంలోకి రావాలంటే కుటుంబం రెండుగా విడిపోవాలి. అమ్మ, నాన్నమ్మ కింద, నాన్న, పిల్లలు పైన. పైకెళ్లాక ఫోన్ చేసి "ఇప్పుడు కొట్టు" అనాలి. పదకొండు దాటాక గైడ్లూ, బడిపిల్లలూ అందరూ కొడుతూనే ఉంటారు, ఎవరి చప్పుడో తెలియదు. అందుకే పొద్దున్నే రావాలి.

టికెట్ ఇక్కడా 25, ఆన్‌లైన్‌లో 20. పైదాకా మూడొందల అరవై మెట్ల వరకు ఉంటాయి, ఎత్తూ వెడల్పూ ఒక్కలా ఉండవు. పిల్లలతో ఎక్కడానికి నలభై నిమిషాలు, దిగడానికి ఇరవై ఐదు. మనిషికి లీటరు నీళ్లు కింద నుంచే తీసుకెళ్లండి. బాత్రూమ్ కిందే వెళ్లి రండి, పిల్లలకి సరిగ్గా సగం మెట్లెక్కాకే వస్తుంది. దారిలో రామదాసు చెర కనిపిస్తుంది. భద్రాచలం గుడి కట్టించి కంచర్ల గోపన్న ఖైదులో ఉన్న చోటు, గోడ మీద ఆయన చెక్కాడని చెప్పే బొమ్మలున్నాయి. నాన్నమ్మ ఎక్కలేకపోతే ఇది ఒక్కటే ఆమెకి లోటు, ఫోటో తీసి తీసుకురండి. కొండ మీద మహంకాళి గుడి. ఎక్కిన దారినే దిగకుండా రెండో వైపు నుంచి దిగితే రాణీమహల్ శిథిలాలు చూడవచ్చు. హవాయి చెప్పులతో రావద్దు. నున్నగా అరిగిన రాతిమెట్ల మీద జారేది దిగేటప్పుడే.

సాయంత్రం ఇక్కడ జరిగే సౌండ్ అండ్ లైట్ షో బాగుంటుంది, కానీ రాత్రి రైలున్న రోజు పెట్టుకోవద్దు. చూడాలనుంటే కోటనే శనివారం సాయంత్రానికి మార్చుకుని పాతబస్తీని ఆదివారానికి తెచ్చుకోండి.

పన్నెండుకి గదికి వచ్చి ఖాళీ చేసి, సామాను అప్పజెప్పి, భోంచేయండి. రెండు గంటలు ఏ పనీ పెట్టుకోవద్దు. కుటుంబాల మధ్య గొడవలు ఎక్కువగా ఆదివారం రెండింటి నుంచి మూడింటి మధ్యే జరుగుతాయి, అందరూ నిద్ర చాలని మొహాలతో ఉంటారు కాబట్టి.

మూడున్నరకి నౌబత్ పహాడ్ ఎక్కండి. ఒకే కొండ మీద పక్కపక్కనే బిర్లా ప్లానెటేరియం, సైన్స్ మ్యూజియం, బిర్లామందిర్. ముందు ప్లానెటేరియం కౌంటర్లో తెలుగు షో ఎప్పుడో కనుక్కుని టికెట్ తీసుకోండి, ఆ సమయాన్ని బట్టి మిగతావి. షో మొదలయ్యాక లోపలికి రానివ్వరు. చీకటికి మూడేళ్ల లోపు పిల్లలు ఏడుస్తారు, వాళ్లతో ఒకరు మ్యూజియంలో ఉండిపోవాలి. మందిరం 1976లో పూర్తయింది, రెండువేల టన్నుల రాజస్థాన్ పాలరాయి. ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు, కౌంటర్లో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. ఐదుగురి ఫోన్లూ ఒకే టోకెన్ మీద పెట్టి, ఆ టోకెన్ ఎవరి దగ్గరుందో అందరికీ తెలియాలి. మధ్యాహ్నం గుడి కాసేపు మూసి ఉంటుంది, అందుకే మూడున్నర లెక్క.

సూర్యుడు దిగేముందు ఐదున్నరకి లుంబినీ పార్కు. హుస్సేన్‌సాగర్ మధ్యలో నిలబడ్డ బుద్ధుడి విగ్రహం దగ్గరికి వెళ్లే పడవ ఇక్కడే ఎక్కాలి. పార్కు టికెట్ వేరు, పడవ టికెట్ వేరు. స్పీడ్ బోటు ఇంకా వేరు, అది విగ్రహం దగ్గర ఆగకుండా చక్కర్లు కొట్టి తెచ్చేస్తుంది. పిల్లలు స్పీడ్ బోటే అడుగుతారు, దిగి విగ్రహం చుట్టూ తిరగాలనుకుంటే పెద్ద పడవ. రాయగిరి కొండ రాయితో చెక్కిన ఈ ఏకశిలా విగ్రహం 1990లో తెప్ప మీద తీసుకెళ్తుంటే మునిగి, మనుషుల ప్రాణాలు కూడా పోయాయి. రెండేళ్లకి పైగా నీళ్లలోనే ఉండి, 1992 డిసెంబరు 1న నిలబడింది. పడవ ఎక్కేముందు లైఫ్ జాకెట్ అడిగి తీసుకోండి, పిల్లల సైజు ఉందో లేదో చూడండి. గాలి తోలితే పడవలు ఆపేస్తారు, ఆషాఢ శ్రావణాల్లో అందుకు సిద్ధంగా ఉండండి.

పిల్లలు మరీ చిన్నవాళ్లైతే

ఐదేళ్ల లోపు పిల్లలకి కోటా మ్యూజియమూ రెండూ విసుగే. శనివారం పొద్దున సాలార్‌జంగ్ బదులు బహదూర్‌పురాలోని జూ పార్కు పెట్టుకోండి. అది కూడా పాతబస్తీ వైపే, అందుకని మధ్యాహ్నం చార్మినార్ లెక్క మారదు. తెరవగానే వెళ్లాలి, పులులు తిరిగేది పొద్దున్నే. ఎండెక్కాక నిద్రపోతున్న తోకలే కనిపిస్తాయి. 380 ఎకరాలు, నడిచి పూర్తి చేయలేరు. లోపలికి వెళ్లగానే బ్యాటరీ బండి టికెట్ తీసుకోండి.

రామోజీ ఫిలింసిటీ ఈ రెండు రోజుల్లో ఇమడదు. దానికి పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా పూర్తి రోజు కావాలి, టికెట్ కూడా మనిషికి వెయ్యి దాటుతుంది. ఒక్క మినహాయింపు ఉంది. సొంత కారులో విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లకి అది దారిలోనే, హయత్‌నగర్ చేరకముందే తగులుతుంది. వాళ్లు శనివారం అక్కడే గడిపి, రాత్రికి ఊళ్లోకి వచ్చి, ఆదివారం పాతబస్తీ ఒక్కటే చూసుకోవాలి.

తిరుగు బండి

పార్కు నుంచి ఏడున్నరకి కదలాలి. ఆదివారం రాత్రి ట్యాంక్‌బండ్ మీద ఊరంతా ఉంటుంది. క్యాబ్ అక్కడికి రావడానికే ఇరవై నిమిషాలు పడుతుంది, కాబట్టి పార్కు గేటు ముందు కాకుండా సచివాలయం దాటి కొంచెం నడిచి పిలవండి. లాడ్జిలో సామాను తీసుకోవడానికి అందరూ వెళ్లక్కర్లేదు, ఒక్కరు దిగితే చాలు. నాంపల్లి బండికి గంట, సికింద్రాబాద్‌కి గంటన్నర, చర్లపల్లికి రెండు గంటలు ముందు బయల్దేరండి. రాత్రి భోజనానికి పెరుగన్నం, చపాతీలు లాడ్జి పక్క హోటల్లో మధ్యాహ్నమే చెప్పి ఉంచితే ఎనిమిదింటికి కట్టి ఇస్తారు. బిర్యానీ కట్టించుకుంటే బోగీ అంతా వాసన, పైగా పై బెర్తుల్లో వాళ్లు కూడా నిద్రపోరు.